ఇద్దరు దేవుళ్ల మేకపోతు

పాన్‌గల్ చర్చిలో కోతపండుగ వచ్చిందంటే మిగతా అందరికీ ఆకలి పుడుతుంది, దేవదాసుకు మాత్రం గొంతు లేస్తుంది. ఆ రోజు జనం తమ చేలో పండినదేదో ఒకటి దేవుడికి తెస్తారు. పల్లికాయ మూట, సొరకాయ, కోడిపుంజు, బాగా కలిసొచ్చిన ఇంటివాళ్లయితే ఒక మేక. ఆరాధన అయిపోయాక అవన్నీ షామియానా కింద వేలం వేస్తారు. వచ్చింది చర్చికి పోతుంది. ఆ వేలం పాడేవాడు దేవదాసు. సొరకాయ చేతికిస్తే దాని తాతముత్తాతల దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. ఒకసారి ఒకే గుమ్మడికాయను, కొన్నవాళ్ల చేత మళ్లీ మళ్లీ దేవుడికే ఇప్పించి, పొద్దుగూకేదాకా అమ్మాడు. ఆఖరున దక్కించుకున్న మనిషి ఇంటికి తీసుకుపోయి కోస్తే లోపలంతా పురుగు. అడగడానికి వస్తే, "గంత సేపు దేవుని ముందర నిలబడ్డది గదా, జర అలిసిపోయింది" అని పంపించాడు.

అసలు మనిషి పుట్టు క్రైస్తవుడేమీ కాదు. అమ్మానాన్నలు కాలువ పనికి వలసపోయి, అక్కడే ఒకరి వెనక ఒకరు పోయారు. చంకలో ఎత్తుకు తిరిగింది అక్క పెంటమ్మ. ఆమె కూడా అప్పటికి పిల్లే. జొన్న గట్కలో మెత్తటిది వాడికి పెట్టి, అడుగంటింది తాను గీక్కుని తిని వాణ్ణి పెంచింది. ఆమెను తిమ్మాజిపేటకు ఇచ్చారు. వీడు మేస్త్రీ వెంట పుణె పోయాడు, బొంబాయి పోయాడు, కేబుళ్లకు గోతులు తవ్వాడు. అలా తవ్వేచోటే బాలమ్మ కనబడింది. వాళ్లది మూడు తరాలుగా చర్చికి పోయే ఇల్లు. బాప్తిస్మం తీసుకోనివాడికి పిల్లనివ్వం అన్నారు. అయ్యో, అదెంత భాగ్యం అని నీళ్లలో మునిగి దేవదాసై లేచాడు. "గా పేరు నాకు నోరు తిరుగది" అని పెంటమ్మ ఇప్పటికీ చిన్నోడా అనే పిలుస్తుంది.

మోకాళ్లు అరిగి ఊరికి తిరిగొచ్చాక చర్చిలో పెద్దను చేశారు. అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం ఆదివారం నాడు, ఆ రసం చిన్న చిన్న కప్పుల్లో పోసిన పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడవాలి. బతుకంతా ఒకరి ముందు తల వంచి నిలబడినవాడికి, ఆ కాసేపు ఊళ్లోవాళ్లు తన ముందు తల వంచి నిలబడతారు. ఆ పళ్లెం కోసం దేవదాసు ముందు రోజే గడ్డం గీయించుకుని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు. బాలమ్మ పైకి అనదుగాని, ఆమె ముందు వరసలో కూర్చునే తీరు చూస్తే ఆ పళ్లెం సగం ఆమె పట్టుకుందని తెలిసిపోతుంది.

ఇక అక్క ఊళ్లో ఏటేటా మైసమ్మ పండుగ. దేవదాసు పోయేవాడు, అమ్మవారికి కోసిన యాట కూర కడుపారా తినేవాడు, వచ్చి ఆదివారం పళ్లెం పట్టేవాడు. దీనికి పాస్టరుగారి అనుమతి ఉంది. పాస్టరు పేరు శ్రీశైలం. తండ్రి ఆ పేరు పెట్టాక క్రైస్తవుడయ్యాడు, ఆధార్ కార్డు మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు. ఆయన చెప్పేది సులువుగా ఉండేది. రాయి రాయే, అందులో ఎవరూ లేరు, లేనివాళ్లకు పెట్టిన కూరకు ఏ మైలా అంటదు, తినండి. ఇంత రుచికరమైన ప్రసంగం దేవదాసు మరొకటి వినలేదు.

పోయినేడు వానల్లో పల్లిచేలో దేవదాసును పాము కరిచింది. ఆటో నడిపే బషీర్ వెనక సీట్లో పడేసుకుని వనపర్తి దవాఖానకు ఎగిరిపడుతూ తీసుకుపోయాడు. మనిషి నోట నురగ, కళ్లు మూతపడుతున్నాయి. ఇక్కడ చర్చిలో ఉపవాస ప్రార్థన. అక్కడ తిమ్మాజిపేటలో పెంటమ్మ మైసమ్మ ముందు తడిబట్టలతో పొర్లింది. బషీర్ దవాఖాన మెట్ల మీదే దువా చేసి, దర్గాలో చాదర్ కప్పుతానని మాటిచ్చాడు. దేవదాసు బతికాడు. ఆ తరువాత ముగ్గురూ, మా దేవుడే బతికించాడు అని ఎవరికి వారు మురిసిపోయారు. సూదిమందు వేసి తెల్లవార్లూ పక్కన కూర్చున్న డాక్టరమ్మను మాత్రం ఎవ్వరూ పోటీలోకి తీసుకోలేదు.

ఈ ఏడు కోతపండుగకు పెంటమ్మ కూడా చుట్టపు చూపుగా వచ్చింది. వేలానికి ఒక నల్ల మేకపోతు వచ్చింది. ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక లేదు. పాస్టరుగారు దాని కొమ్ముల మీద చేయి పెట్టి, ప్రభువా ఈ అర్పణను అంగీకరించు అని పెద్ద ప్రార్థనే చేశాడు. దేవదాసు మైకు అందుకున్నాడు. "గిసొంటి పోతు మూడు జిల్లాల దొరకదు! నడక చూడుండ్రి, కలెక్టర్ నడిచినట్లున్నది!" వెనక నుంచి పెంటమ్మ చేయి లేచింది. తమ్ముడు ఒళ్లు మరిచిపోయాడు. అక్క అని చూడకుండా పాట ఎగదోశాడు, దిగదోశాడు, పక్కవాడితో పోటీ పెట్టాడు, ఆఖరికి ఆమెకే కొట్టేశాడు. ఎందుకమ్మా కొంటున్నావని అడగలేదు. వేలంలో ఎవడడుగుతాడు?

ఆమె దాన్ని బస్సులో తీసుకుపోయింది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం గనక ఆమెకు డబ్బు లేని టికెట్టు, మేకపోతుకు మాత్రం డబ్బున్న టికెట్టు కొట్టాడు కండక్టర్. "ఆడమేకను కొన్నా అయిపోయేది" అని ఆమె తిమ్మాజిపేట దాకా గొణుక్కుంటూనే ఉందట.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది.

"చిన్నోడా, వచ్చే మంగళారం మైసమ్మకు చేస్తున్న. మొక్కు నీ పాణం మీద మొక్కిన. ముందు ముద్ద నువ్వే తినాలె."

"తింటగని అక్కా, యాటను యాడ తెచ్చినవ్?"

"మీ చర్చిలదే. ఏడాది సంది దేవులాడుతున్న, మచ్చ లేని నల్ల పోతు దొరకలే. నువ్వే చెప్తివి గదా, మూడు జిల్లాల దొరకదని."

దేవదాసు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. ఆమే అంది, "జల్ది కానీరా చిన్నోడా. నీకు పాము గరిచిన పొద్దటి సంది నేను నీసు ముట్టలే. నువ్వు తిన్నాకనే తింటనని మొక్కిన." అప్పుడు గుర్తొచ్చింది వాడికి, మొన్న మేనకోడలు ధనలక్ష్మి పెళ్లిలో అక్క పప్పన్నం తిని లేచింది. పెంటమ్మ అంటే ఎముక కొరికి మూలుగ పీల్చే మనిషి. పళ్ల నొప్పేమో అనుకుని ఊరుకున్నాడు.

ఇక్కడిదాకా అంతా సాఫీగా జరిగిపోయేదే. కాని సరిగ్గా ఆ రోజుల్లోనే పాస్టరుగారి ఫోనుకు ఒక పుస్తకం వచ్చింది. పేరు ‘దేవుని కచ్చేరి’. ఎవరో పెద్ద చదువుల దొర రాసినదాన్ని తెలుగు చేశారు. శ్రీశైలం దాన్ని వనపర్తిలో జిరాక్స్ తీయించి, స్పైరల్ కట్టించి, గీతలు గీసి గీసి నిద్ర మానేశాడు. సంగతేమిటంటే, బైబిలును రాసినవాళ్లు ఆకాశాన్ని ఖాళీగా చూడలేదట. అక్కడ దేవుడి చుట్టూ ఒక సభ ఉంది, కొలువు ఉంది, ఉద్యోగులున్నారు. దేవుడు భూమ్మీది జనాలను పంచి ఒక్కొక్కరిని ఒక్కో ప్రాంతం మీద పెట్టాడు. వాళ్లు తిరగబడి, మాకే మొక్కండి అని కూర్చున్నారు. ఇతర దేవుళ్లంటే వాళ్లే. రాళ్లు కారు, ఉన్నారు.

దేవదాసుకు ఇది ఇట్టే ఎక్కింది. కలెక్టరు మండలానికొక ఆఫీసర్ని పంపిస్తే, ఆయనే నేనే కలెక్టర్ని అని కూర్చున్నాడు, అంతే కదా. అంటే తిమ్మాజిపేట మండలానికి మైసమ్మ. అంటే ఇన్నేళ్లుగా తాను తిన్నది ఎవరి భోజనం? ఒళ్లు ఝల్లుమంది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. పోయి పాస్టరుగారికి అంతా చెప్పేశాడు, మేకపోతు సంగతితో సహా.

శ్రీశైలం ముఖం పాలిపోయింది. "నేను చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన పోతు!" అన్నాడు.

"అవునయ్యగారూ. గా ప్రార్థన మస్తు పొడుగు చేసిన్రు గూడ."

"దేవుని సొత్తును తీస్కపోయి శత్రువు చేతుల పెట్టినం మనం. దేవదాసూ, నువ్వు గా కూర తిన్నవంటే పళ్లెం ముట్టేది లేదు. సంస్కారం తీస్కునేది లేదు. అందరి ముందర తప్పయిందని ఒప్పుకున్నాకనే."

ఇంటికొస్తే బాలమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "మా తాత కాలం సంది ఎవ్వరు మా ఇంటోళ్లను సంస్కారం బల్ల కాడ ఆపలే. నువ్వు పోతే పో. వచ్చినంక నాతోటి మాట్లాడకు." అక్క ఏడాదిగా కడుపు కట్టుకుని కూర్చుంది, భార్య నోరు కట్టుకుంటానంటోంది, మధ్యలో పాస్టరుగారు పళ్లెం దాచిపెట్టాడు. దేవదాసు ఆ వారమంతా పరేషాన్‌గా తిరిగాడు.

ఈ పుస్తకం మీద గద్వాలలో అప్పటికే ఒకాయన నిప్పులు కక్కుతున్నాడు. బైబిలు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పంతులు, పేరు తిరుపతి. తిరుపతి సారు కరపత్రం కూడా వేశాడు. శ్రీశైలం ఆయనకు సవాలు విసిరాడు, ఆయన ఒప్పుకున్నాడు, శనివారం పాన్‌గల్ చర్చిలో వాదన పెట్టారు. ఇతర దేవుళ్లు ఉన్నారా లేరా అని శ్రీశైలం, తిరుపతి తలపడుతున్నారని తెలిసి ఊళ్లో క్రైస్తవులు కానివాళ్లు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు.

పండితుల వాదన ఎలా ఉంటుందో చూడాలంటే ఆ రోజు చూడాలి. కీర్తనల్లో ఒకచోట దేవుడు దేవుళ్ల సభలో నిలబడి తీర్పు చెబుతున్నాడు, చూడండి అన్నాడు శ్రీశైలం. వాళ్లు దేవుళ్లు కాదు, మనుషుల్లో న్యాయాధిపతులు అన్నాడు తిరుపతి సారు. మనుషులైతే, మీరు మనుషుల్లాగే చస్తారని వాళ్లను బెదిరించడమెందుకు, మనుషులు ఇంకెలా చస్తారు అన్నాడు శ్రీశైలం. ఈ దెబ్బకు కిటికీ దగ్గర ఎవరో ఈల వేశారు. మృతసముద్రం గుహల్లో దొరికిన తోలు చుట్టల్లో జనాలను దేవుని కుమారుల లెక్కన, అంటే ఆ కొలువువాళ్ల లెక్కన పంచినట్టుందని పాస్టరు, మన చేతిలోని బైబిల్లో ఇశ్రాయేలు కుమారుల లెక్కన అనుంది, అది చాలని సారు. ఆఖరికి కొరింథువాళ్లకు పౌలు రాసిన ఉత్తరం తీశారు. విగ్రహం వట్టిదని అందులోనే ఉందని సారు చదివాడు. రెండు పేజీలు తిప్పి, ఆ బలులు దయ్యాలకే పోతాయని కూడా అందులోనే ఉందని పాస్టరు చదివాడు. ఇద్దరూ ఒకే ఉత్తరాన్ని చెరో చివర పట్టుకుని లాగారు. దేవదాసు ఒకసారి అటు, ఒకసారి ఇటు తల తిప్పుతూ కూర్చున్నాడు. సారు గెలిస్తే కూర తినొచ్చు. లోలోపల సారు గెలవాలని ప్రార్థన కూడా చేసుకున్నాడు.

అప్పుడే పెంటమ్మ లోపలికి వచ్చింది. ఫోన్లో తమ్ముడి గొంతు మెత్తగా ఉందని అనుమానమొచ్చి, మరదలికి స్వయంగా చెప్పిపోదామని బస్సెక్కింది. ఇంటికి తాళముంటే చర్చికి వచ్చింది. చాప మీద ఓ మూల కూర్చుని కాసేపు విన్నది. వాళ్లు మాట్లాడుతున్నది తన మేకపోతు గురించేనని అర్థం కాగానే లేచి నిలబడింది.

"సారూ, గామె లేదంటున్నరు గదా మీరు?" అంది తిరుపతి సారుతో.

"లేదమ్మా. వట్టి రాయి. భయపడేదేం లేదు."

"మంచిది. గట్లయితే మంగళారం మీరు గూడ రాండ్రి. మా తమ్ముని పక్కకే కూసొని రెండు ముద్దలు తినుండ్రి. వాని భయం పోతది."

సారు గొంతు సవరించుకున్నాడు. "నాకు షుగరమ్మా."

"కూరల షుగర్ ఏడుంటది సారూ?"

"బీపీ కూడా ఉంది."

చర్చి గొల్లుమంది. శ్రీశైలం కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. పెంటమ్మ ఆయన వైపు తిరిగింది. ఆమె ముఖంలో వెక్కిరింత లేదు, మనస్ఫూర్తిగానే అంటోంది. "నువ్వన్నా రా నాయినా. ఆమె ఉన్నదని గంత గట్టిగ చెప్పెటోడు మా ఊర్ల గూడ లేడు. పూజారి పక్కన కూసోబెడ్త నిన్ను."

ఈసారి నవ్వు కిటికీల దగ్గర్నుంచి రోడ్డు మీదికి పోయింది. నవ్విన కొద్దీ పాస్టరుగారు గట్టిపడిపోయాడు. ఊరి ముందు ఒక మనిషిని నవ్వులపాలు చేశాక అతని దగ్గర దయ దొరకదు, అది ఏ దేవుడి మనిషైనా సరే. మైకు తీసుకుని, దేవదాసు పేరు పెట్టి, తింటే బల్లకు దూరం అని అందరూ వినేలా ప్రకటించాడు. తిరుపతి సారు గద్వాల పోయే బస్సుకు టైమైందన్నాడు. బాలమ్మ వదిన వైపు చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

మంగళవారం దేవదాసు బషీర్ ఆటో ఎక్కాడు. వనపర్తి దాటాక బషీర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"అన్నా, నేనైతే తినను. మాకది హలాల్ కాదు" అన్నాడు బషీర్. "అక్కకు ముందే చెప్పిన. గుడ్డు కూర జేస్తనన్నది." బషీర్‌కు ఏ పుస్తకమూ అక్కరలేకపోయింది. దేవదాసుకు కుళ్లు పుట్టింది.

"బషీరూ, నన్ను ఎవరు బతికిచ్చిన్రంటవ్?"

"నాకేం తెల్వదన్నా. పెట్రోల్ మాత్రం నేనే పోసిన."

"నాకు గూడ తెల్వదు. ఎవరు బతికిచ్చిన్రో తెల్వదు. ఎవరు మొత్తుకున్నరో తెలుసు." అని చెప్పి, బయటకు చూస్తూ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

వేపచెట్టు కింద మైసమ్మకు కొత్తగా పసుపు పూసి ఉంది. ఇన్నేళ్లూ ఆ రాయి ముందు హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నవాడు, ఈసారి చూడ్డానికి భయపడ్డాడు. నిజం చెప్పాలంటే పుస్తకం మీద వాడికి నమ్మకం కుదిరింది. ఆమె ఉంది. చూస్తోంది. యేసయ్యా, నువ్వు గూడ ఈడనే ఉండు, జర దూరం పోకు అని గొణుక్కున్నాడు. విస్తర్లు వేశారు. పెంటమ్మ వచ్చి ఎదురుగా కూర్చుని ముద్ద కలిపింది. ఆ చేతివేళ్లు వంకర్లు పోయాయి. ముద్దలోంచి ఎముక తీసేసి, మెత్తటి ముక్క పెట్టి, నోటి దగ్గరికి తెచ్చింది. అరవయ్యేళ్ల మనిషి చిన్న పిల్లాడిలా నోరు తెరిచాడు.

ఏమీ కాలేదు. కారం కాస్త ఎక్కువైంది, అంతే.

వాడు మింగాక పెంటమ్మ తన విస్తరి ముందుకు లాక్కుంది. ఇక ఎవరితో మాట్లాడలేదు. ఒక్కో ముక్కా నమిలింది, ఎముక పగలగొట్టింది, మూలుగ పీల్చింది, కళ్ల నీళ్లు కారుతుంటే కారంగా ఉందని తిట్టుకుంది. వండింది తనే. దేవదాసు తినడం మానేసి ఆమెనే చూశాడు. తన జన్మలో ఇంత సంతోషంగా ఏ పూటా ఉండలేదని వాడికి అనిపించింది.

ఆదివారం సంస్కారం. పాస్టరుగారు బల్ల ముందు నిలబడి, దేవదాసును లేవమన్నాడు.

"తిన్నవా?"

"తిన్న అయ్యగారూ."

"తప్పయిందని చెప్పు. క్షమించేది ప్రభువు. ఒక్క మాట చాలు."

నిజంగానే ఒక్క మాట. పురుగు పట్టిన గుమ్మడికాయను పొద్దుగూకేదాకా పొగిడిన నోరు అది, ఆ ఒక్క మాట దానికి బరువు కాదు. దేవదాసు చెప్పేద్దామనే లేచాడు. గడ్డం గీయించుకునే వచ్చాడు, తెల్ల చొక్కా వేసుకునే వచ్చాడు. తప్పు అనేదాకా వచ్చి ఆగిపోయాడు. ఆ మాట అంటే అక్క పెట్టిన ముద్దను ఉమ్మేసినట్టే అని తోచింది. "గా మాట నాకు రాదయ్యగారూ" అన్నాడు. పోయి ఆఖరి వరసలో చెప్పుల పక్కన కూర్చున్నాడు.

పళ్లెం ఇంకొకరి చేతికి పోయింది. జనం ఒక్కొక్కరే ముందుకు పోయి రొట్టె తీసుకుంటున్నారు. దేవదాసు తల దించుకుని నేల చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఆ రొట్టె తనకు ఇంత కావాలని వాడికి ఎప్పుడూ అనిపించలేదు. బాలమ్మ కూడా పోయింది. మంగళవారం నుంచి ఆమె వాడితో ఒక్క మాట ఆడలేదు. రొట్టె తీసుకుని ముందు వరసలోని తన చోటికి వచ్చి, కూర్చోకుండా నిలబడిపోయింది. తరువాత వరసల మధ్య నుంచి వెనక్కి నడిచి వచ్చింది. అందరూ తలలు తిప్పారు. చేతిలోని రొట్టెను రెండు ముక్కలు చేసి, ఒకటి మొగుడి ముందు పెట్టింది.

"తీస్కో. జల్ది తిను, అందరు చూస్తున్రు."

శ్రీశైలం చూశాడు. నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, తల వంచి పాటల పుస్తకం తిప్పుతూ పాట నంబరు చెప్పాడు. దేవదాసు రొట్టె నోట్లో వేసుకున్నాడు. బాలమ్మ ముందు వరసలోకి తిరిగి పోలేదు, కొంగు సర్దుకుని చెప్పుల పక్కనే కూర్చుంది.